రోడ్డు నక్షాలో వాడ ఏది?

2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ తర్వాత చర్చంతా ఒక్కచోటే తిరిగింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డు ఎందుకు ఆగింది? మర్రిచెట్లు ముఖ్యమా, మనుషులా? రోడ్డు వెడల్పు కావాల్సిందే. వికారాబాద్, తాండూరు జనానికి పెద్దాసుపత్రికైనా, యూనివర్సిటీకైనా అదే దారి. కానీ వెడల్పయ్యాక దాన్ని కాలినడకన ఎవరు, ఎక్కడ దాటాలన్న మాట పెద్దగా వినబడలేదు.

అది తేలేది నక్షా మీద. డివైడర్‌కు సందు ఎక్కడ, సర్వీసు రోడ్డు ఎంతదాకా, బస్సు ఎక్కడ ఆగాలి అన్నవన్నీ గీతలే. ఇంజనీర్లు దీన్ని యాక్సెస్ మేనేజ్‌మెంట్ అంటారు. జాతీయ రహదారిలోకి దారి కావాలంటే 2002 నాటి చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. పెట్రోల్ బంకు యజమాని డ్రాయింగు గీయించి దరఖాస్తు పెట్టుకుంటాడు. కలుపుకు పోయే కూలీ ఏ దరఖాస్తు పెట్టాలి?

లెక్క చూడండి. వాడ ఒక పక్క, పని దొరికే చేను సరిగ్గా ఎదుటి పక్క. సందు కిలోమీటరు దూరంలో ఉంటే పోను రెండు, రాను రెండు, రోజుకు నాలుగు కిలోమీటర్లు అదనపు నడక. ఎవరైనా డివైడర్ ఎక్కి దూకుతారు. బండి గుద్దితే తప్పు దూకినవాళ్ల మీదే పడుతుంది, గీత గీసినవాళ్ల మీద కాదు.

2024 డిసెంబర్‌లో ఇదే రోడ్డు మీద ఆలూరు దగ్గర కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో చట్టం వచ్చింది గానీ అది పట్టణాలకే. ఊరి గేటు దగ్గర గంప పెట్టుకున్న మనిషి హైవే చట్టం కంటికి ఆక్రమణదారు.

అడిగే వేదికా తక్కువే. ఉన్న జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటకపోతే పర్యావరణ అనుమతి అక్కర్లేదు, కాబట్టి ఆ పేరుతో జరిగే ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. 46 కిలోమీటర్ల రోడ్డు సంగతి చెప్పేదేముంది!

అయినా సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 ఉంది. జనాన్ని తాకే నిర్ణయాల వివరాలు అడక్కముందే స్థానిక భాషలో పెట్టాలని అది చెబుతుంది. కాబట్టి కోరాల్సింది ఇంగ్లీషు పీడీఎఫ్ కాదు. పైనుంచి తీసిన ఫొటో మీద డివైడర్, సందులు రంగుల్లో గీసి, వాడ, బడి, బోరింగు, శ్మశానం తెలుగులో రాసిన పెద్ద నక్షా పంచాయతీ గోడ మీద ఉండాలి.

మన నక్షా మనమూ గీయొచ్చు, నేల మీద ముగ్గుతోనైనా. కాకపోతే దాన్ని ఊరి నడుమ చావడి దగ్గర గీస్తే వాడ మళ్లీ అంచున చుక్కయిపోతుంది. వాడలోనే, ఆడవాళ్లు పనికి పోయే వేళ చూసి గీయాలి. సెలవులకు ఊరొచ్చే విద్యార్థులు ఒక పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా నిలబడి ఎవరు ఎక్కడ దాటుతున్నారో లెక్క రాసినా చాలు. ఆ కాగితాన్ని గ్రామసభ తీర్మానంతో కలిపి, డివైడర్ పోయకముందే కలెక్టర్‌కూ జాతీయ రహదారుల ప్రాజెక్టు డైరెక్టర్‌కూ ఇవ్వాలి.