ప్రయాణములో పిల్లల చేతులు

రైలు కదలిన పావుగంటకు పిల్లవాని ప్రశ్నలు మొదలగును. ఆ కొండ పేరేమి? చెట్లు వెనుకకు ఎందుకు పరుగెత్తుచున్నవి? మన ఊరు ఇంకెంత దూరము? మొదటి పది ప్రశ్నలకు పెద్దలు ఓపికతోనే బదులు చెప్పుదురు. పదునొకండవ ప్రశ్నకు సంచిలోనుండి సెల్‌ఫోను పైకి వచ్చును. పిల్లవాడు తల వంచును. పెద్దలు ఊపిరి పీల్చుకొందురు. ఆ నిశ్శబ్దమును కొనుటకు మనము ఇచ్చుచున్న వెల కొంచెము ఎక్కువేమోయని నా అనుమానము.

వైద్యులు తమ మాట చెప్పియే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోను, భారత శిశువైద్య అకాడమీ 2021లోను ప్రకటించిన సూచనల ప్రకారము రెండేండ్లు నిండని శిశువునకు తెర అలవాటు చేయరాదు. ఐదేండ్ల లోపు వారికి దినమునకు గంట మించరాదు. సికింద్రాబాదునుండి విశాఖపట్టణమునకు దాదాపు 700 కిలోమీటర్లు. వందేభారత్ వంటి వడిగల బండిలోనైనను ఎనిమిది గంటలకు పైబడును. వైద్యులు అనుమతించిన ఆ ఒక్క గంట వరంగల్లు చేరకముందే అయిపోవును. మిగిలిన గంటల మాటేమి? అయినను నా వాదమునకు వైద్యుల సాక్ష్యముతో అంతగా పనిలేదు. ఇంటివద్ద తండ్రికి ఆఫీసు, తల్లికి వంటయో ఉద్యోగమో రెండునో, పిల్లవానికి బడి, బడి విడిచిన పిదప ట్యూషను. ఒకరి ప్రక్కన ఒకరు ఏ పనియు లేక ఏడెనిమిది గంటలు కూర్చుండు అవకాశము ఏడాదికి రెండు మూడు మారులు మాత్రమే, రైలు పుణ్యమా యని దొరకుచున్నది. దానిని ఫోనునకు అప్పగించుట నాకు దుబారాగా తోచును.

పిల్లలకు చేతిపని కల్పింపుడని నేననుట ఇందుకే. చేతిపని యనగానే అంగళ్లలో అందమైన పెట్టెలలో పెట్టి అమ్ము సామగ్రి పలువురకు జ్ఞప్తికి వచ్చును. అందులో పూసలుండును, జిగురుండును, చిన్న కత్తెరయు నుండును. రైలులో పూసలు బెర్తుల క్రిందికి దొర్లిపోవును. చంటిపిల్లలున్నచోట అవి నోటిలోనికి పోవు ప్రమాదమును కలదు. జిగురు ప్రక్కవారి బట్టలకు అంటును. ఊగుచున్న పెట్టెలో కత్తెర మాట చెప్పనక్కరలేదు. అన్నిటికంటె మేలైనది కాగితము. నిరుటి నోటుపుస్తకములో మిగిలిన తెల్లకాగితములు చాలును; చదివి పారవేయనున్న దినపత్రికయైనను చాలును.

కదలు బండిలో తిన్నని గీత గీయుట పెద్దలకును సాధ్యము కాదు. కాని కాగితమును మడచి గోటితో ఒత్తినచో ఆ మడతయే తిన్నని గీత యగును. బండి ఎంత ఊగినను అది వంకర పోదు. నాలుగేండ్ల పిల్లకు అంచునకు అంచు కలిపి మడచుటయే గొప్ప విజయము. ఐదారేండ్లకు పడవ, టోపీ వచ్చును. ఆపై కత్తిపడవ, సిరాబుడ్డి, ఎగిరెడు కప్ప. ఎనిమిదేండ్లు దాటినవారికి ఇందులో క్షేత్రగణితమే కలదు. చతురస్రాకారపు కాగితమును నిలువుగా సగమునకు మడచి విప్పవలెను. క్రింది కుడిమూలను ఎత్తి నడిమి మడతను తాకించుచు, క్రొత్త మడత క్రింది ఎడమమూల గుండా పోవునట్లు ఒత్తవలెను. మూల తాకిన ఆ చోటును, క్రిందనున్న రెండు మూలలను కలిపినచో మూడు భుజములును సమానమైన త్రిభుజము ఏర్పడును. కొలబద్ద లేదు, వృత్తలేఖిని లేదు.

ఇది నేటి ఊహ కాదు. టి. సుందరరావు గారు కాగితపు మడతలతో క్షేత్రగణితమును బోధించు ఆంగ్ల గ్రంథమును 1893లో మద్రాసులో ప్రచురించిరి. జర్మనీ దేశీయుడైన ఫ్రోబెల్ పసిపిల్లలకై కల్పించిన కిండర్‌గార్టెన్ పద్ధతిలోని మడతలే తనకు ఆ ఆలోచన కలిగించినవని ఆయన చెప్పుకొనిరి. ప్రసిద్ధ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ గ్రంథమును ప్రస్తావించెను. ఆ ప్రస్తావన చూచి అమెరికాలోని సంపాదకులు 1901లో దానిని మరల అచ్చువేసిరి. జర్మనీలో పిల్లల ఆటగా పుట్టి, మద్రాసులో గణితమై, తిరిగి పడమటికి పోయిన ఈ విద్యను మన గణితోపాధ్యాయులలో ఎందరు ఎరుగుదురు?

బండి ఆగినప్పుడు పెన్సిలునకు వంతు. పెద్ద స్టేషనులో నిలిచిన ఐదు నిమిషములలో చుక్కలు పెట్టి ముగ్గు కలుపవచ్చును. చక్రము కదలగానే పెన్సిలు ఆపి మడతలకు రావలెను. ఈ నియమమును పిల్లలకు చెప్పి చూడుడు. తరువాతి స్టేషను ఎప్పుడు వచ్చునాయని వారే కిటికీకి అంటుకొని యుందురు.

మన స్త్రీలు రైలులో మల్లెలు మాలకట్టుట చూడనివారుండరు. ఒడిలో తడిగుడ్డ, అందులో మొగ్గలు, వ్రేళ్ల నడుమ అరటినార. ఐదేండ్ల పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కాడలు కలిపి రెండేసి మొగ్గలు అందింపుమనినచో లెక్కయు వచ్చును, పొందికయు వచ్చును. ఆ మాలలో తన చేయియు నున్నదన్న గర్వము వేరు. బారెడు దారము కొనలు ముడివేసి, వ్రేళ్లకు తగిలించి, నిచ్చెనలును ఊయెలలును అల్లు ఆట మరియొకటి. ఒకరి చేతులనుండి మరియొకరు తీసికొనవలెను గనుక అది ఒంటరిగా సాగదు. కొబ్బరియాకుతో బూరయు చేతిగడియారమును చేయుట తాతలకు వచ్చును, తండ్రులకు రాదు. నడుమ ఒక తరము జారిపోయినది. తాతగారు ప్రయాణములో వెంటనున్నచో పిల్లవానితోపాటు తండ్రియు నేర్చుకొనవచ్చును.

ఇక్కడ ఒక తల్లి నన్ను నిలదీయవచ్చును. “చంకలో ఒకడు, ప్రక్కన ఒకడు, తలమీద సామాను. ఫోను ఇచ్చినందువలననే నేను రెండు ముద్దలు తినగలిగితిని. మీరు కాగితము మడచుమనుచున్నారు!” ఆమె మాటలో న్యాయము కలదు. జనరల్ పెట్టెలో నిలుచుటకే చోటు లేనప్పుడు ఏ చేతిపనియు సాగదు. అట్టివేళ ఆ తల్లిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని చోటున్నప్పుడు, ప్రక్కనే భర్తగారు తమ ఫోనులో వార్తలు చూచుకొనుచు కూర్చున్నప్పుడు, పిల్లవాని బాధ్యత తల్లి యొక్కతెదే యెందుకు కావలెను? చేతిపని పేరిట ఆమెకు మరియొక చాకిరి తగిలించుట అన్యాయము. పడవ చేయుటకు మగవాని వ్రేళ్లును పనికివచ్చును. పిల్లవానికి కాగితమిచ్చి తాము తెర చూచు పెద్దలకు ఫలితము వెంటనే తెలియును: పది నిమిషములలో ఆ కాగితము ఉండయై ఎదుటివారి మీద పడును.

చేతిపని కిటికీని మూయరాదు. కాజీపేట మీదుగా వచ్చు బండి విజయవాడకు ముందు కొండపల్లి దాటును. తేలికైన పొణికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పిండి ముద్దతో అతికి, అక్కడ బొమ్మలు చేయుదురు. తుని దాటిన పిదప వరాహనది ఒడ్డున ఏటికొప్పాక కలదు. అక్కడ అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కరంగులు పూయుదురు. సగము మడచిన కప్ప చేతిలోనున్న పిల్లవానికి ఈ మాటలు చెప్పినచో చెవికెక్కును. ఊరక చెప్పినచో ఎక్కవు. ఇక రాజమహేంద్రవరము వచ్చుసరికి ఏ పనియైనను క్రింద పెట్టవలసినదే. గోదావరి మీద బండి పోవునంతసేపు మడతలేమిటి! పిల్లవాడు ఏమియు చేయక ఊరక బయటికి చూచుచుండినను చూడనిండు. ప్రతి నిమిషమును ఏదో ఒకదానితో నింపవలెనను ఆతురత కూడ మనకు ఆ తెర నేర్పినదే.

ఉపాధ్యాయులకు ఒక మాట. విహారయాత్ర బస్సులో ఈ పనులు పెట్టకుడు. మలుపుల దారిలో దగ్గరి వస్తువుపై చూపు నిలిపినచో కడుపులో త్రిప్పును. రెండేండ్లు దాటినది మొదలు పన్నెండేండ్ల వరకు ఈ బాధ అధికము. బస్సులో పాటలు, పొడుపుకథలు చాలును. మీరు చేయదగిన పని బడిలోనే యున్నది. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన సమావేశము చేతివృత్తిని విద్యకు కేంద్రము చేయవలెననెను. నాటి బేసిక్ పాఠశాలలు క్రమముగా కనుమరుగైనవి. 2020 జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిది వరకు గల తరగతులవారు పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తులను చూచి నేర్వవలెనని చెప్పినది. మంచిదే. కాని ఆరవ తరగతి వచ్చువరకు ఆ వ్రేళ్లు ఏమి చేయవలెను? చిన్న తరగతుల క్రాఫ్టు పీరియడును లెక్కల మాస్టారు అడిగి పుచ్చుకొనుట మనకు తెలియనిది కాదు. పరీక్షలు ముగిసి, సెలవులు ఇంకను ఇయ్యని ఆ నాలుగైదు దినములలో పిల్లలకు మూడు మడతలు నేర్పి పంపుడు: పడవ, కప్ప, సమత్రిభుజము. రైలులో వారే తండ్రులకు నేర్పుదురు.

కావలసిన సామగ్రి స్వల్పము. ఇరువది కాగితములు, ఒక దారపుటుండ, చేతులు తుడుచుటకు తడిగుడ్డ, చిత్తుకాగితములకు ఒక సంచి. దిగవలసిన స్టేషనునకు పది నిమిషముల ముందు బెర్తు క్రింది ముక్కలన్నియు పిల్లలచేతనే ఏరించి సంచిలో వేయింపవలెను. చేసిన పడవలను మాత్రము అందులో వేయింపకుడు. ప్రక్క బెర్తులోని చంటివాడు అప్పటికే చేయి చాచియుండును.