పాత బండి... పాత బాకీ

ఇంట్లో పాత ఇనుము పోగైతే అమ్మేసి ఉల్లిగడ్డలు కొనుక్కోవడం మన ఆడవాళ్లకు బాగా తెలిసిన విద్య. అలాంటిది ఎదురు డబ్బిచ్చి పాత ఇనుమును ఇంటికి తెచ్చుకోవాలా అన్న సందేహం ఈమధ్య నాకు వచ్చింది. అదీ అలాంటిలాంటి ఇనుము కాదు. 1991 నాటి యెజ్డీ మోటారు సైకిలు. అడుగుతున్న ధర 60 వేలు. కొనివ్వాలనుకున్నది మావారికి.

మాది పెగడపల్లి. జగిత్యాల వెళ్లే దారిలో ఒక ఊళ్లో పశువుల కొట్టంలో, గోనెసంచుల కింద ఉందా బండి. నంబరు పలక మీద ఇంకా 'ఏపీ 15' అనే ఉంది. మా మండలం కరీంనగర్ జిల్లాలో ఉన్ననాటి నంబరది. 2016లో జగిత్యాల జిల్లా అయింది. బండి మాత్రం అక్కడే ఆగిపోయింది. మావారు ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆగి, గోనె తీసి చూసి, మళ్లీ కప్పి వస్తారు. కొందామని ఒక్కనాడూ అనలేదు. నోరు తెరిచి అడగని మనిషికి ఏదైనా కొనిపెట్టాలని మనకు అనిపించదా? సరిగ్గా అప్పుడే నా చీటీ డబ్బులు 70 వేలు చేతికొచ్చాయి. పెళ్లిరోజున చెప్పకుండా తెచ్చి వాకిట్లో నిలబెడదామనుకున్నాను.

ఆయనకు ఆ బండి మీద అంత మమకారం ఎందుకో చెప్పాలి. మా మామయ్యకు అలాంటిదే ఉండేది. మామయ్య ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని కొండగట్టు వెళ్లడం మావారి చిన్నతనపు పండుగ. మా పెళ్లయిన మరుసటి ఏడు, 2010లో, ఆయన గల్ఫ్ వెళ్లడానికి డబ్బు కావలసి వచ్చి ఆ బండిని అమ్మేశారు. ఆయన ఎనిమిదేళ్లు ఎడారిలో ఉండి వచ్చేసరికి ఇంట్లో అన్నీ మారిపోయాయి. ఇప్పుడు మామయ్య కూడా లేరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇలాంటి కథ లేని వాడకట్టు ఉండదు. కాబట్టి ఇది మగవాళ్ల పిచ్చి అని నవ్వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఆ బండి పుట్టుక కూడా ఒక కథే. చెకోస్లొవేకియా వారి జావా మోటారు సైకిళ్లను మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. 1973లో వాటి పేరు యెజ్డీగా మారింది. కిక్కు కొట్టేదీ గేరు వేసేదీ ఒకటే కడ్డీ. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. రెండు సైలెన్సర్లు. వీధి మొదట్లో చప్పుడు వినగానే ఎవరొస్తున్నారో ఇంట్లో తెలిసిపోయేది. 1996లో ఆ కంపెనీ మూతపడింది. 2022లో అదే పేరుతో కొత్త బండ్లు మళ్లీ బజారులోకి వచ్చాయి. 'అవి బాగుంటాయి కదా' అంటే మావారు తల అడ్డంగా ఊపారు. అంటే ఆయనకు కావలసింది పేరు కాదు, ఆ పాత చప్పుడు.

తెలిసిన మెకానిక్కును తీసుకుని, మావారికి చెప్పకుండా వెళ్లి బండి చూసి వచ్చాను. అతను వంగి, లేచి, తట్టి చూసి, "ఇంజను లేస్తది గని అక్కా, కాయితాలు సూసుకో ముందుగాల" అన్నాడు. చూస్తే బండి ఇంకా అమ్మేవాళ్ల నాన్న పేరు మీదే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది, తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఇక్కడ ఒక్కసారీ అది జరగలేదు. ముందు వారసుల పేరు మీదికి మారాలి, తర్వాత 29, 30 నంబరు ఫారాలతో మన పేరుకు రావాలి. పుస్తకంలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ఇవేవీ లేకుండా 60 వేలు పెడితే మనం కొన్నది బండి కాదు, తలనొప్పి.

'వింటేజి బండి మేడం, దొరకదు' అని అమ్మేవాళ్లు ఊరిస్తారు. ఆ మాటకూ చట్టంలో ఒక లెక్క ఉంది. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నదే వింటేజి. అలా కొత్తగా రిజిస్టర్ చేయించాలంటే 20 వేలు కట్టాలి. పైగా ఆ బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలూ ర్యాలీల్లాంటి వాటికి మాత్రమే. కాబట్టి 1991 బండి పాతదే గానీ వింటేజి కాదు. పేరు గొప్ప కోసం పది వేలు ఎక్కువ ఇవ్వనక్కరలేదు.

నేను మాత్రం ఇంకొకటి గమనించాను. వెనక చక్రానికి ఉండాల్సిన చీర గార్డు లేదు. అందానికి అడ్డమని ఎవరో ఎప్పుడో పీకేశారట. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా అది ఉండాలని చట్టమే చెబుతోంది. అంటే ఈ బండి మీద కలలు కన్నవాళ్ల ఊహలో, వెనక సీట్లో చీర కట్టుకున్న మనిషి లేదన్నమాట.

ఈ మాట నవ్వుతూ మా అత్తమ్మతో అన్నాను. ఆమె బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆపి, "నేనైతే ఆ బండెనుక రెండు మూడు మాట్లు కూసున్ననేమొ బిడ్డా" అంది. కాసేపాగి మళ్లీ అంది. "బండి పాయె, బండి పాయె అని అందరు యాది జేసుకుంటరు. బండికొచ్చింది పన్నెండు వేలే. ఏజెంటుకు లక్ష కట్టినం. కడమ పైసలు యాడికెల్లొచ్చినయి? నా కమ్మలు పోలేదా? నీ గొలుసు పోలేదా? వాటినెవరన్న యాది జేస్తరా?"

నాకు నోట మాట రాలేదు. నిజమే. ఆ ఏడాది మా ఇంట్లోంచి మూడు వస్తువులు వెళ్లాయి. బండి, అత్తమ్మ కమ్మలు, నా గొలుసు. ఎక్కువ డబ్బు తెచ్చినవి చివరి రెండూ. కానీ ఈ పదిహేనేళ్లలో పండక్కీ పబ్బానికీ తలచుకున్నది మొదటిదాన్నే. మా ఇంట్లోనే కాదు, గల్ఫ్ వెళ్లొచ్చిన చాలా ఇళ్లలో ఇంతే. అమ్మిన ఎకరం గురించి మాట్లాడుకుంటాం, అమ్మిన ఎడ్ల గురించి మాట్లాడుకుంటాం. అమ్మిన నగ మాత్రం 'ఆడవాళ్లు ఇచ్చారు' అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. ఇచ్చింది ఎందుకు తిరిగి రాలేదని ఎవరూ అడగరు. అడగనిది ఎవరో కాదు, మనమే. నేనే చూడండి, చేతికి డబ్బు రాగానే బండి కొనాలనుకున్నాను గానీ అత్తమ్మ కమ్మలు నాకే గుర్తు రాలేదు.

అందుకే చెప్పకుండా కొని ఆశ్చర్యపరచాలన్న ఆలోచన మానేశాను. అది సినిమాల్లో బాగుంటుంది. నెలకు ఇంత అని చీటీ కట్టే ఇళ్లలో, ఒకరి సంతోషానికి పెట్టే 60 వేలు మిగిలినవాళ్లకు తెలిసి ఖర్చు కావాలి. ఆ రాత్రి మావారి ముందు పాత నోటుబుక్కు పెట్టి మూడు వస్తువుల పేర్లూ రాశాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వంకే చూశారు.

"నీ గొలుసు ఎంతుండె?" అని అడిగారు చివరికి.

"తులమున్నర" అన్నాను.

పదిహేనేళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఇవాళ తులం బంగారం లక్ష దాటింది. నా చీటీ డబ్బుతో ఆ గొలుసు రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ ప్రశ్నతో నా గొలుసు మా ఇంటి లెక్కలోకి వచ్చింది.

చివరికి ఏం తేల్చుకున్నామంటే, 70 వేలల్లో 30 వేలు అత్తమ్మ పేరు మీద పోస్టాఫీసులో వేశాం. ఆమె ముందు వద్దంది, తర్వాత పాసుబుక్కు తన పెట్టెలోనే దాచుకుంది. మిగిలింది అలాగే ఉంది. బండి వాళ్లు కాగితాలు సరిచేయించుకుని వస్తే, తక్కువపడిన డబ్బు మావారు తన దుకాణం సంపాదనలోంచి వేస్తారు. చీర గార్డు పెట్టించాలి, బ్రేకులు కొత్తవి వేయించాలి, రెండు హెల్మెట్లు కొనాలి. ఈ ఖర్చు కూడా ధరలోనే కలిపి బేరమాడుతున్నాం. బండి వద్దనుకోలేదు. ముందు వెనకల వరస మారింది, అంతే.

మీ ఇంట్లోనూ ఇలాంటి కోరిక ఒకటి ఉండే ఉంటుంది. పాత బండి కావచ్చు, పాత రేడియో కావచ్చు. మగవాళ్ల ముచ్చట కదా అని కొట్టిపారేయకండి. వాళ్ల కష్టం కూడా ఆ గోనెసంచి కిందే దాగి ఉంటుంది. అలాగని మొగుడి ముచ్చట తీర్చిన మహా ఇల్లాలు అనిపించుకోవాలని చీటీ డబ్బంతా ఊడ్చి పెట్టకండి. కొనేముందు ఒక కాగితం తీసుకుని, ఈ ఇల్లు నిలబడడానికి ఎవరెవరి ఏ వస్తువు పోయిందో పేరుపేరునా రాయండి. మీ పేరు ఎదురుగా కూడా నిజాయతీగా రాసుకోండి. ఆ కాగితం ఇంట్లో అందరూ చదివాక బండి కొనాలా వద్దా అన్నది నిర్ణయించండి.