గ్రూపు ఫారం ఎవరు నింపుతున్నారు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన పది రోజుల్లో మాల, మాదిగ వాడల్లో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోతుంది. దానికి పంచాయితీ ఉండదు, మీటింగు ఉండదు. పదిహేనేళ్ల పిల్ల ఇంటర్‌లో ఏ గ్రూపు చదవాలో ఎవరో ఒకరు చెప్పేస్తారు. హైస్కూలు సారు చెప్తాడు. లేదంటే అడ్మిషన్ల టార్గెట్ నెత్తిన పెట్టుకుని మోటారు సైకిలేసుకొచ్చిన ప్రైవేటు కాలేజీ పీఆర్వో చెప్తాడు. అమ్మా నాన్నా కూలికి పోయి పొద్దుగూకాక ఇంటికొచ్చి, ఫారం మీద వేలిముద్రో సంతకమో పెడతారు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అనే ఆ అక్షరాల వెనక ఏ తలుపులు తెరుచుకుంటాయో, ఏవి మూసుకుంటాయో వాళ్లకు చెప్పినవాడు లేడు.

కారంచేడు (1985), చుండూరు (1991) నాటి నుంచి మనం వాటా గురించి కొట్లాడుతున్నాం. ఉపకులాల వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని అమల్లోకి తెచ్చాయి. ఎవరికి ఎంత శాతమో తేల్చుకున్నాం. మంచిదే. కానీ సీటులో వాటా అడగాలంటే ముందు ఆ సీటు అడిగే అర్హత ఉండాలి కదా? మన పిల్లల్లో చాలామందికి ఆ అర్హత పోతున్నది యూనివర్సిటీ గేటు దగ్గర కాదు. అంతకు రెండేళ్ల ముందే, మండల కేంద్రంలో, ఒక చిన్న ఫారం మీద పోతోంది.

లెక్క చూడండి. డాక్టరు చదువుకు నీట్ రాయాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండి తీరాలి. ఆ సబ్జెక్టుల్లో జనరల్ వాళ్లకు నూటికి 50 మార్కులు రావాలి, మనకు 40 చాలు. నీట్‌లో అర్హతకు వాళ్లకు 50వ పర్సంటైల్, మనకు 40వది. ఇంజనీరింగుకు ఎంపీసీ కావాలి. గ్రూపు సబ్జెక్టుల్లో వాళ్లకు 45 శాతం, మనకు 40. ఎప్‌సెట్‌లో కనీస మార్కుల నిబంధన ఎస్సీ, ఎస్టీలకు లేనే లేదు. ఐఐటీ, ఎన్ఐటీల్లో చేరటానికి ఇంటర్‌లో వాళ్లకు 75 శాతం అడుగుతారు, మనకు 65. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు కూడా లేదు. ఈ సంగతి తెలియక 'అది లక్షలున్నోళ్ల చదువు' అనుకుని వెనక్కి తిరిగిన ఇళ్లు ఎన్నో! ఇవన్నీ కొట్లాడి తెచ్చుకున్న హక్కులు. అయితే హెచ్ఈసీలో చేరిన పిల్లకు నీట్ సడలింపు ఎందుకు పనికొస్తుంది? సీఈసీ చదివిన పిల్లోడు ఎప్‌సెట్ ఫారం ఎట్లా నింపుతాడు?

'వాళ్లకు ఇష్టమై తీసుకున్నారు' అంటారు కొందరు పెద్దమనుషులు. ఇష్టం ఎక్కడ పుట్టింది? మండలంలో ఉన్న ఒక్క సర్కారు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ పోస్టు ఖాళీ. ఫిజిక్సుకు గెస్ట్ లెక్చరర్, అతనికి నెలల తరబడి జీతం రాదు. ల్యాబు గదికి తాళం. ఆడపిల్లలు చదివే కస్తూర్బా విద్యాలయాల్లో కొన్నిచోట్ల ఉన్నదే ఒకటో రెండో గ్రూపులు, అవీ సీఈసీయో ఆరోగ్య కార్యకర్తల ఒకేషనల్ కోర్సో. ఆ ఊరి పిల్లకు డాక్టరమ్మ కావాలని ఉంటే ఆ కోరికను ఎక్కడ పెట్టుకోవాలి? దీనికి తోడు మన పిల్లలకు బడిలో చెవిన పడే మాట ఒకటుంది: 'నీకు లెక్కలెక్కడొస్తయ్ రా, సీఈసీ తీసుకో, తేలిగ్గా పాసవుతావు.' ఆ మాట చెప్పే సారు తన కొడుకుని సీఈసీలో చేర్చాడేమో ఒకసారి కనుక్కోండి.

ఏ పాఠం ఎవరు చదవాలో కులం నిర్ణయించటం కొత్త సంగతేమీ కాదు. బొంబాయిలో హైస్కూల్లో చదువుతున్నప్పుడు అంబేడ్కర్ సంస్కృతం నేర్చుకోవాలనుకున్నాడు. అంటరానివాడికి చెప్పనన్నాడు పంతులు. విధిలేక పారశీకం తీసుకున్నాడు. ఆయనంతటి వాడికే సబ్జెక్టు ఎంపిక చేతిలో లేకుండా పోయింది. తర్వాత పట్టుబట్టి సంస్కృతమూ నేర్చుకున్నాడనుకోండి, అది వేరే కథ. (ఇవాళ విచిత్రం చూడండి. మార్కులు దండిగా పడతాయని ఇంటర్ కాలేజీలు అందరి నెత్తినా సెకండ్ లాంగ్వేజీగా సంస్కృతమే రుద్దుతున్నాయి. పిల్లలు దాన్ని తెలుగు లిపిలో రాసి తొంభైలు తెచ్చుకుంటున్నారు. పోతున్నది తెలుగు.) అప్పుడు వద్దన్నవాడు ముఖం మీదే వద్దన్నాడు. ఇప్పుడు ఎవరూ వద్దనరు. 'ఆ గ్రూపు ఇక్కడ లేదమ్మా' అంటారు, అంతే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సీఈసీ, హెచ్ఈసీ తక్కువ చదువులని మేమనటం లేదు. బాబాసాహెబ్ కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివింది ప్రధానంగా ఆర్థిక శాస్త్రమే. ఆ గ్రూపుల నుంచి పోయే పెద్ద దారులున్నాయి, మనవాళ్లకు వాటి పేర్లు కూడా చేరటం లేదు. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీల్లో ఐదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా చాలు. క్లాట్ పరీక్ష రాయాలి, ఇంటర్‌లో ఎస్సీలకు 40 శాతం ఉంటే సరిపోతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆర్ట్స్ పిల్లలు ఇంటర్ నుంచి నేరుగా ఐదేళ్ల ఎంఏలో చేరొచ్చు. దానికి సీయూఈటీ రాయాలి. సివిల్స్‌కు, గ్రూప్-1కు ఏ డిగ్రీ అయినా ఒకటే. మన వాడలకు డాక్టర్లు ఎంత అవసరమో వకీళ్లూ అంతే అవసరం. అట్రాసిటీ కేసులు నడిపేవాడు లేక కోర్టుల చుట్టూ తిరిగినోళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పిల్ల తెలిసి కోరుకుని సీఈసీలో చేరితే దండం పెట్టి పంపుదాం. తెలియక పడిపోతుంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాలి.

రెండో వైపు గొయ్యి కూడా ఉంది. అందరూ పోతున్నారని ఉన్న మేకలమ్మి, వడ్డీకి తెచ్చి, పట్నంలో కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీకి పిల్లోణ్ణి వేసేవాళ్లున్నారు. ఎనిమిదో తరగతి బీజగణితమే సరిగా రాని పిల్లోణ్ణి తీసుకెళ్లి రోజుకు పద్నాలుగు గంటల చదువుల్లో కూర్చోబెడితే వాడేమవుతాడు? మొదటి సంవత్సరమే రెండు సబ్జెక్టులు తప్పి ఇంటికొస్తాడు, అప్పు మిగులుతుంది. అందుకని గ్రూపు మాట పదో తరగతి అయ్యాక కాదు, ఎనిమిదిలోనే మొదలు కావాలి. లెక్కలు, సైన్సు చెప్పటానికి వాడలో సాయంకాలం బడి పెట్టండి. మన పిల్లల్లోనే బీటెక్ అయి ఉద్యోగం లేక తిరుగుతున్నవాళ్లున్నారు, వాళ్లను కూర్చోబెట్టండి. గ్రూపు నిర్ణయించే ముందు పిల్లను అడగండి. ఆమె చేతిలో ఉన్న మార్కుల కాగితం చూడండి.

మూసుకున్న తలుపుల్లో కొన్ని మళ్లీ తెరవొచ్చు. ఒకేషనల్ చదివే పిల్లలు ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు పరీక్షలు పాసైతే ఎప్‌సెట్ దారికి రావొచ్చు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాడు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ట్రిపుల్ ఐటీలు (బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం) పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువుకు తీసుకుంటాయి. సర్కారు బడి పిల్లలకు అక్కడ అదనపు మార్కులు కలుపుతారు. నర్సింగులో జీఎన్ఎంకు ఏ గ్రూపైనా పనికొస్తుంది, బీఎస్సీ నర్సింగుకు మాత్రం సైన్స్ ఉండాలి. నీట్, జేఈఈ మెయిన్, సీయూఈటీ తెలుగులోనూ రాయొచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు, క్లాట్‌కు ఆ వీలు లేదు.

డబ్బు సంగతి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో మొదలైంది. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు బకాయిలు పేరుకుపోయి, కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు తొక్కిపట్టి కూర్చుంటున్నాయి. సర్కారు కట్టాల్సిన బాకీకి మన పిల్లల మెమోలు తాకట్టు! దీని మీద ఊరుకోవద్దు. సర్టిఫికెట్ ఆపితే ఒక్కడే పోయి బతిమాలకండి, పదిమంది కలిసి పోండి, రాతపూర్వకంగా అడగండి, కాపీ కలెక్టరుకు పెట్టండి.

కార్యకర్తలకు ఒక పని చెప్తున్నాం. ఈసారి ఫలితాల దాకా ఆగొద్దు. జనవరి నుంచే పీఆర్వోలు వాడల్లో తిరుగుతారు, వాళ్లకంటే ముందు మీరు పోవాలి. ఊళ్లో పదో తరగతి చదివే మన పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు పరీక్షలకు ముందే తీయించండి. గురుకుల జూనియర్ కాలేజీల నోటిఫికేషన్ చాలాసార్లు పదో తరగతి పరీక్షలకంటే ముందే వస్తుంది, గడువు దాటిపోయాక ఎవరూ వినరు. ఒక ఆదివారం తల్లిదండ్రుల్ని, ముఖ్యంగా తల్లుల్ని, కూలి లేని పూట చూసి కూర్చోబెట్టి ఒక్కో గ్రూపు పేరు విప్పి చెప్పండి. నాలుగు అక్షరాలేగా, అరగంట పని.

ఆ తర్వాత మీ మండలంలోని సర్కారు కాలేజీకి, కస్తూర్బాకు, గురుకులానికి వెళ్లండి. అక్కడ ఏ గ్రూపులున్నాయి? ఏ సబ్జెక్టుకు రెగ్యులర్ లెక్చరర్ లేడు? ఎన్నాళ్లుగా లేడు? ల్యాబు తెరుస్తున్నారా? రాసి మాకు పంపండి, మండలం పేరుతో సహా అచ్చేస్తాం. ఆ సంచికలు పట్టుకునే జిల్లా ఇంటర్ విద్యాధికారి ఆఫీసుకు పోదాం. ప్రతి మండలంలో ఎంపీసీ, బైపీసీ, వాటికి పూర్తికాలం లెక్చరర్లు కావాలని అడుగుదాం. ఉత్తరాలు వచ్చే నెల 10వ తేదీలోగా అందాలి.