వయసు మీద పడిందా?



“మాస్టారూ, ఏటేటా గెలిచే సైకిలు వీరుడు ఒక ఏడు ఓడిపోతే, అతనికి వయసు మీద పడిందని అనుకోవచ్చా?” అని ఒక కుర్రవాడు అడిగాడు. ప్రశ్న చిన్నదే గాని, జవాబు తొందరపడి చెప్పేది కాదు. నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను, వినండి.

ఎడ్డీ మెర్క్స్ 1945లో బెల్జియం దేశంలో పుట్టాడు. ఫ్రాన్సులో మూడు వారాలపాటు మజిలీలుగా సాగే ‘టూర్ ద ఫ్రాన్స్’ అనే పందెం ఉన్నది. ప్రతి మజిలీకీ పట్టిన కాలాన్ని కూడుకుంటూ పోతారు. మొత్తం ఎవరికి తక్కువైతే వారిదే గెలుపు. 1974 దాకా మెర్క్స్ ఆ పందెంలో ఐదుసార్లు దిగాడు, ఐదుసార్లూ గెలిచాడు!

1975లో అతనికి ముప్ఫై ఏళ్లు నిండాయి. ఆ ఏడు పందెంలో కూడా చాలా రోజులు అతనే ముందున్నాడు. అయితే ప్రా-లూ అనే కొండ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి కాళ్లలో సత్తువ పోయింది. తనకన్నా రెండున్నరేళ్లు చిన్నవాడైన బెర్నార్ తెవెనే అతన్ని దాటి వెళ్లాడు. చివరకు మెర్క్స్ 2 నిమిషాల 47 సెకండ్ల తేడాతో ఓడి, రెండోవాడైనాడు.

“ఇంకేం, వయసైపోయింది!” అంటారా? కాస్త ఆగండి. ప్రా-లూకు ముందు మజిలీలో, పుయ్ ద డోమ్ కొండ మీద, పందెం చూడవచ్చిన వాడొకడు అతని డొక్కలో పిడికిలితో గుద్దాడు. తరవాత మరొక రోజు సైకిలు మీది నుంచి పడి ముఖంలో ఎముక విరిగింది. గట్టి పదార్థం నమలలేని స్థితిలో పారిస్ దాకా తొక్కాడు! అదే ఏడు వసంతకాలంలో మిలాన్-సాన్ రెమో మొదలైన పెద్ద పందేలు గెలిచినవాడు కూడా అతనే. ఒక్క ఓటమిని పట్టుకుని తీర్పు చెబితే ఇవన్నీ ఏమైపోవాలి?

(పరీక్షలో మార్కులు తగ్గిన కుర్రవాణ్ణి “నీ పని అయిపోయిందిరా” అని నేనూ ఒకసారి అన్నాను. ఆనాడు వాడు జ్వరంతో వచ్చి రాశాడని తరవాత తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకోవడం చాలా కష్టమైంది.)

అంచేత తరవాతి ఏళ్లు కూడా చూడాలి. 1976లో మెర్క్స్ మిలాన్-సాన్ రెమో ఏడోసారి గెలిచాడు. అది దాదాపు 300 కిలోమీటర్ల పందెమైనా ఒక్క రోజులో ముగుస్తుంది. మూడు వారాల పందెంలో ఇవాళ పడ్డ అలసట రేపటికి తీరాలి. లేకపోతే గెలుపు లేదు. 1977 టూర్‌లో అతను ఆరోవాడుగా వచ్చాడు. 1978లో పందేలే మానేశాడు. ఇప్పుడు చెప్పవచ్చు, అతని బలం తగ్గిన మాట నిజమే. కాని అది ఒక్కరోజులో తేలిన సంగతి కాదు.

పోనీ, తగ్గించింది వయసేనా? వయసుతోపాటు గుండె కొట్టుకోగల వేగం కొద్దికొద్దిగా తగ్గుతుంది, నిజమే. అయితే ముప్ఫై రెండేళ్లకే ఎవరూ ముసలివారు కారు. 1969లో ఒక పందెంలో మెర్క్స్ ఘోరంగా పడ్డాడు. నాటినుంచి కొండ ఎక్కేటప్పుడు నొప్పి తనను వదలలేదని అతనే చెప్పుకున్నాడు. పైగా ఏడాది పొడుగునా పందేలే! ఎంత వయసుది, ఎంత దెబ్బది, ఎంత అలసటది అని తక్కెడలో వేసి తూచడం నా వల్ల కాదు.

ఇంకొకరి లెక్క చూడండి. రొబేర్ మార్షాన్ అనే ఫ్రెంచి తాతగారు నూరో ఏట, 2012లో, పందెపు బాట మీద గంటసేపు తొక్కి 24 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లారు. 2014లో, 102 ఏళ్ల వయసులో, దాదాపు 27 వెళ్లారు. రెండేళ్లు పెరిగితే వేగమూ పెరిగిందే! నడుమ ఆయన చేసిన సాధన ఫలితం అది. 2017లో, 105 ఏళ్లప్పుడు, ఇరవై రెండున్నర దగ్గర ఆగారు. ఆ తగ్గుదల వయసుదేనని మనం అనేలోపునే, ఇంకా పది నిమిషాలే ఉన్నదని చూపిన పలక తన కంట పడలేదనీ, పడి ఉంటే ఇంకా జోరుగా తొక్కేవాణ్ణనీ తాతగారు చెప్పేశారు!