గొట్టములో తరిగిపోవు చక్కెర

పిదికిన పాలు వేసవిలో కాచక యుంచిన విరిగిపోవునని మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రక్తమును నట్టిదే. నరమునుండి తీసి గొట్టములో నుంచినంతనే యందలి యెఱ్ఱకణములు చావవు. అవి తమచుట్టు నున్న చక్కెరను తినుచునే యుండును. మామూలు గదివేడిమిలో గంటకు నూటికి 5 మొదలు 7 పాళ్లవఱకు చక్కెర తరుగును. మన భద్రాచలపు వైశాఖమాసపు టెండలో నింకను త్వరపడును.

పరగడుపున డెసిలీటరు రక్తమునకు 126 మిల్లీగ్రాములుగాని యంతకు మించిగాని యున్నచో మధుమేహమని వైద్యులు తలంతురు. ఒక యిల్లాలికి నిజముగా 130 ఉన్నదనుకొందము. ఆమె రక్తము రెండు గంటలు సంచిలోనే యుండిపోయిన 115 ప్రాంతమునకు దిగును. కాగితముపై వ్యాధి లేదు, దేహములో నున్నది. గర్భవతుల విషయమున నీ పొరపాటు కడుపులోని శిశువునకును చేటు. మూత్రమునకు చీమలు మూగుటనుబట్టి మధుమేహము నెఱింగిన మన పూర్వవైద్యుల కీ చిక్కు లేదు. చీమలు ఆలస్యము చేయవు గదా!

దుమ్ముగూడెము, చర్ల ప్రాంతపు అడవిపల్లెలకు పరీక్షాగృహము దూరము. 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్సు కేంద్రము కొత్తగూడెమున నేర్పడుట మేలే. కాని భద్రాచలమునుండియే యది సుమారు 40 కిలోమీటర్లు.

బూడిదరంగు మూతగల గొట్టములో సోడియం ఫ్లోరైడు ఉండును. అదియున్న చాలునని పలువురి నమ్మకము. నేనంతగా నమ్మను. కణములు చక్కెరను జీర్ణించుకొను వరుసలో నది చివరి మెట్లలో నొకదానినే యడ్డగించును. పైమెట్లు కొంతసేపు నడుచుచునే యుండును. కావున మొదటి గంట రెండుగంటల తరుగు దానివలన తప్పదు. ఆ పిదపనే నిలకడ. సిట్రేటు పులుపు చేర్చిన గొట్టములు మొదటనే యాపును గాని యన్నిచోట్ల దొరకవు. అవి లేనిచో గొట్టమును వెంటనే మంచునీటిలో నుంచి, అరగంటలోపల యంత్రమున త్రిప్పి కణములను వేఱుచేయవలెను. రక్తము పట్టినతోడనే గొట్టమును పలుమాఱు మెల్లగా తలక్రిందు చేయుటయు నవసరము. లేకున్న మందు సరిగా కలియదు.

వ్రేలినుండి చుక్క తీసి యప్పుడే చూచు గ్లూకోమీటరున కీ యాలస్యదోషము లేదు. దానికి వేఱొక దోషము కలదు. ఇప్పపూ లేఱిన చేతులకు, మామిడిపండు కోసిన చేతులకు తీపి యంటియుండును. అపుడు సంఖ్య లేనిపోని యెత్తున కెక్కును. స్పిరిటు దూది చాలదు, నీటితో కడిగి యారనీయవలెను.

మూడునెలల సగటు తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షకు గొట్టములోని తరుగు అంటదు. అయినను మన కోయకుటుంబములందు కొందఱికి సికిల్‌సెల్ వ్యాధి కలదు. అట్టివారి యెఱ్ఱకణముల యాయువు తక్కువ యగుటచే నా సంఖ్యయు తగ్గి కనబడవచ్చును. వారికి నేరుగా చూచిన చక్కెరయే యాధారము. అదియు గొట్టములో తరిగినచో వారికి దిక్కేది?

కనుక రక్త మిచ్చునపుడు, ఇది యంత్రమునకు ఎన్నిగంటలకు చేరునని యడుగుటకు సిగ్గుపడకుడు. వీలైనవారు ప్రొద్దుననే పరీక్షాగృహమునకు పోయి యిచ్చుట మేలు. సంఖ్య హద్దున కించుక దిగువ నున్నచో వైద్యునితో చెప్పి మఱల చేయించుకొనుడు.