కిడ్నీ మార్పిడి ఫ్రీ.. ఆ తర్వాత ఇల్లు గడిచేదెలా? తాండూరు కూలీ కుటుంబం లెక్క ఇదీ!

కిడ్నీలు పాడైపోయాయని డాక్టర్ చెప్పగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే.. ఆపరేషన్‌కు ఎంతవుతుంది? వికారాబాద్ జిల్లాలో ఇప్పుడు ఈ ప్రశ్నకు కొంతవరకు సమాధానం ఉంది. 2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితిని ప్రభుత్వం 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో కిడ్నీ మార్పిడి చేస్తున్నారు. అర్హత ఉన్న పేద కుటుంబానికి సర్జరీ బిల్లు భయం చాలావరకు తగ్గినట్టే. కానీ అసలు ఖర్చు మొదలయ్యేది డిశ్చార్జ్ అయ్యాకే. దాన్ని ఏ ప్యాకేజీలోనూ లెక్కగట్టడం లేదు.

తాండూరు సంగతే తీసుకుందాం. నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంట్ ఫ్యాక్టరీలు, కంది చేలు.. ఎక్కువ మందికి ఇవే బతుకుదెరువు. పట్టణంలోనే జిల్లా ఆసుపత్రి ఉంది. డయాలసిస్ అక్కడే చేయించుకోవచ్చు. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మార్పిడి అనగానే మాత్రం వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హైదరాబాద్ వెళ్లాల్సిందే.

పేషెంట్లు ఇద్దరు.. కూలీ సున్నా

బతికున్న మనిషి కిడ్నీ ఇస్తే ఆపరేషన్ జరిగేది ఇద్దరికి. ఇచ్చేది ఎక్కువగా ఎవరు? భార్య, లేదంటే తల్లి. 2019 నుంచి 2023 వరకు దేశంలో బతికుండగా అవయవదానం చేసిన 56,509 మందిలో 36,038 మంది ఆడవాళ్లే.

గనిలో పనిచేసే భర్త, కూలికి వెళ్లే భార్య ఉన్న ఇల్లు ఒకటి ఊహించుకుందాం. ఆయనకు రోజుకు 700, ఆమెకు 400, నెలకు 25 రోజుల పని అనుకుంటే.. ఆయన ఆరు నెలలు, ఆమె మూడు నెలలు ఇంట్లో ఉంటే పోయే కూలీ 1 లక్షా 35 వేలు. చెకప్‌లు తరచుగా ఉంటాయి కాబట్టి మొదటి రెండు మూడు నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. గదికి నెలకు 7 వేలు వేసుకున్నా మరో 21 వేలు. మొత్తం 1 లక్షా 56 వేలు. ఇద్దరికీ వండిపెట్టడానికి, ఆసుపత్రి చుట్టూ తిరగడానికి మూడో మనిషి కావాలి కదా.. ఆ మనిషి కూలీ ఇందులో కలపలేదు.

పైగా ఆరు నెలల తర్వాతైనా ఆయన మళ్లీ గనికి వెళ్లగలడా? కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వేసుకునే మాత్రలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. దుమ్ములో పని, బరువులు మోసే పని అంటే డాక్టర్లు ఒప్పుకోరు. అంటే వేరే పని వెతుక్కోవాలి. తాండూరులో చదువు లేని మనిషికి దుమ్ము లేని పని దొరకడం అంత ఈజీ కాదు.

చట్టంలో ఉంది.. చేతికి రావట్లేదు

అవయవాన్ని అమ్మడం, కొనడం నేరమని 1994 నాటి అవయవ మార్పిడి చట్టం చెబుతోంది. ఇది అందరికీ తెలిసిందే. అదే చట్టంలో చాలామంది గమనించని మాట ఇంకొకటి ఉంది. అవయవం ఇచ్చినందువల్ల దాతకు అయిన ఖర్చు, పోయిన సంపాదన తిరిగి చెల్లిస్తే అది 'అమ్మకం' కిందకు రాదు. అంటే దాత కూలీ నష్టాన్ని పూడ్చడానికి చట్టం అడ్డు చెప్పడం లేదు. మరి పూడ్చేదెవరు?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవదానం చేస్తే 42 రోజుల వరకు స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉంది. 2023లో ఇచ్చిన ఉత్తర్వు ఇది. ఈఎస్ఐ కార్డున్న ఫ్యాక్టరీ కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. గనిలో రోజు లెక్కన పనిచేసే వాళ్లకు, పొలం కూలీలకు ఇవేవీ వర్తించవు. కిడ్నీ ఇచ్చిన రోజు నుంచే ఆ ఆడమనిషి కూలీ బంద్. చట్టం అనుమతించిన ఈ సాయాన్ని ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోనే దాత భత్యంగా చేర్చడం పెద్ద కష్టమేమీ కాదు. ఆపరేషన్‌కు లక్షలు ఇస్తున్న చోట దాతకు మూడు నెలల కూలీ ఎంతని?

మాత్రలు మానేస్తే మళ్లీ మొదటికే

టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ లాంటి మాత్రలు కొత్త కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేసుకోవాలి. డబ్బుల్లేక కొన్నాళ్లు ఆపినా కిడ్నీ దెబ్బతిని మళ్లీ డయాలసిస్‌కు చేరే ప్రమాదం ఉంది. తెలంగాణలో ఈ మందులు ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు జాతీయ అవయవ మార్పిడి కార్యక్రమం కింద మందులకు నెలకు 10 వేల వరకు సాయం కూడా ఉంది. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను ఈ రెండింటి గురించి అడిగి, కాగితాలు రెడీ చేసుకోవడం మంచిది.

ఇక ప్రయాణం. మహాలక్ష్మి పథకంలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో భార్యకు టికెట్ లేదు, భర్తకు ఉంది. మార్పిడికి, డయాలసిస్‌కు వెళ్లే కిడ్నీ పేషెంట్‌కు, తోడు వచ్చే ఒకరికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్‌పై 75 శాతం రాయితీ ఉంది. అయితే కొత్తగా మార్పిడి జరిగిన మనిషిని కిక్కిరిసిన బస్సులోనో, జనరల్ బోగీలోనో తీసుకెళ్లడం ప్రమాదం. అందుకే అప్పు చేసైనా కారు మాట్లాడుకుంటారు. డయాలసిస్ జరుగుతున్న తాండూరు ఆసుపత్రిలోనే నెలనెలా మాత్రలు ఇస్తే, మామూలు రక్త పరీక్షలు అక్కడే చేస్తే ఈ తిరుగుడు సగం తగ్గుతుంది.

ఇంట్లో ఇచ్చేవాళ్లు లేకపోతే? ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను సీరియల్, ప్రాధాన్యం ప్రకారం అక్కడి నుంచే కేటాయిస్తారు. 2024లో తెలంగాణలో 188 మంది కుటుంబాలు ఇలా దానానికి ఒప్పుకున్నాయి. జనాభాతో పోలిస్తే దేశ సగటు కంటే ఇది చాలా ఎక్కువ. అయినా ఎదురుచూపులు తప్పవు. ఆ ఎదురుచూపుల మధ్యలోనే బ్రోకర్లు ఫోన్లు చేస్తారు. 2025 జనవరిలో సరూర్‌నగర్‌లో బయటపడ్డ కిడ్నీ రాకెట్‌లో ఒక్కో పేషెంట్ దగ్గర 50 లక్షలకు పైగా గుంజారని పోలీసులు చెప్పారు. జీవన్‌దాన్‌లో అవయవానికి ధర ఉండదు. ఎవరైనా డబ్బు అడిగితే అది జీవన్‌దాన్ కాదు.