గాలి పైపు కాదు, బ్రష్ ఇవ్వండి

షిఫ్టు దిగే ముందు గాలి పైపు పట్టి సాంచెలను ఊదెయ్యడం మన కార్ఖానాల్లో అలవాటైపోయింది. నిమిషాల్లో సాంచా తళతళలాడుతుంది. మరి ఆ నూగు ఎక్కడికి పోయింది? కొంత పక్క సాంచా మీదికి, మిగతాది మన రొమ్ములోకి.

వారపు సెలవు మర్నాడు పనిలో దిగగానే ఛాతీ బిగబట్టినట్టుందని చెప్పేవాళ్లు మనలో లేరా? దాన్ని బీడీ మీదికి నెట్టేస్తాం. అది పత్తి దుమ్ము జబ్బు కావచ్చు. పేరు బిసినోసిస్. బ్లోరూము, కార్డింగు ఖాతాల్లో ఎక్కువ, నేత ఖాతాలో తక్కువ, లేకపోలేదు. డాక్టరు తప్పక ప్రభుత్వానికి తెలపవలసిన రోగాల పట్టీలో 1948 ఫ్యాక్టరీల చట్టమే దాన్ని చేర్చింది. అమెరికాలో 1978 నాటి పత్తి దుమ్ము నిబంధన, వేరే మార్గం వీలయ్యే చోట గాలితో ఊదడాన్ని నిషేధించింది. తప్పనిసరై ఊదితే, ఆ పనితో సంబంధం లేనివాళ్లు బయటికి పోవాలి. యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. 1981లో వాళ్ల ప్రధాన వాదం వీగిపోయింది.

యాజమాన్యానికి బ్రష్ విలువ తెలియక కాదు. కోంబర్‌లో దువ్వెనను ఊడ్చే గుండ్రటి బ్రష్ అరిగితే నూలులో నెప్స్ పెరుగుతాయి. కాబట్టి దాన్ని చూసి, సర్ది, వేళకు మారుస్తారు. మనిషి చేతి బ్రష్ మాత్రం వెంట్రుకలు రాలి కట్టె మిగిలినా అదే!

మన పెద్దలు పడుగుకు గంజి పెట్టి వీధిలో కుంచె లాగినవాళ్లు. కుంచె పట్టడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. ఫ్రేము సందుల్లో నూనెతో గడ్డకట్టిన నూగుకు గట్టి నైలాన్‌ది, నూలు తాకే చోట మెత్తనిది కావాలి. తీగ బ్రష్ తుప్పుకే. రీడు మీద రుద్దితే గీతలు పడి పోగులు తెగుతాయి. అన్నిటికన్నా మేలు వాక్యూము గొట్టం మూతికి అమర్చిన బ్రష్. కదిలించిన నూగును అక్కడే పీల్చేస్తుంది. పొడి చీపురుతో విసురుగా ఊడిస్తే మళ్లీ గాలి పైపు కథే.

నిజం చెప్పుకుందాం, గాలి పైపు మనకూ ఇష్టమే. మీటరు కూలివాడికి సాంచా ఆగితే తనకే నష్టం. బ్రష్ పనికి సాంచా ఆపాలి, వేళా ఎక్కువ పడుతుంది. నడుస్తున్న సాంచాలో చెయ్యి పెట్టమని ఎవరన్నా వినకండి. మరి ఆగిన ఆ వేళకు కూలి ఎవరిస్తారు? తగాదా అంతా అక్కడే. బ్రష్ ఖరీదు గురించి సేఠ్‌తో వాదించడం దండగ, అది కొనిపెడతాడు. రాబోయే కూలి ఒప్పందంలో, సాంచా శుభ్రం చేసే వేళకూ కూలి కట్టాలని ఒక్క వాక్యం రాయించాలి. అందాకా, గాలి పైపు విప్పేముందు పక్క సాంచావాణ్ణి, కండెలు చుట్టే అక్కలను కాసేపు బయటికి పంపండి.